నూనెలో రెండు నీటి బొట్లు – మన కణాల పొర కథ



వేరుశనగ పండే మన చిలమత్తూరు ప్రాంతంలో నూనె గిన్నె లేని వంటిల్లు ఉండదు. కాగని నూనెలో రెండు నీటి బొట్లు వేసి, పుల్లతో దగ్గరికి జరపండి. కాసేపటికి రెండూ కలిసి ఒకటే బొట్టు అవుతాయి. శాస్త్రవేత్తలు హెక్సాడెకేన్ వంటి శుద్ధమైన నూనెలో ఇదే పని చేస్తూ, అందులో లిపిడ్లు అనే కొవ్వు పదార్థాన్ని కొద్దిగా కలిపారు. అప్పుడు బొట్లు ఒకదానికొకటి ఆనుకున్నాయి గానీ కలిసిపోలేదు. వాటి మధ్య ఒక సన్నని పొర ఏర్పడింది. మన శరీరంలో ప్రతి కణం చుట్టూ ఉండే పొర అమరిక కూడా ఇదే.

ఈ సంగతి రోగులకూ తల్లిదండ్రులకూ ఎందుకని మీరు అడగవచ్చు. పసిబిడ్డకు భేదులైనా, కాలి మీద పుండు చీము పట్టినా, పోరాటం జరిగేది ఈ పొర దగ్గరే. అందుకే ఈ విషయం మీతో పంచుకుంటున్నాము.

పొర ఎలా ఏర్పడుతుంది?

లిపిడ్ అణువుకు ఒక తల, రెండు తోకలు ఉంటాయి. తలకు నీరు ఇష్టం, తోకలకు గిట్టదు. అందుకని ప్రతి బొట్టు చుట్టూ తలలు నీటి వైపు, తోకలు నూనె వైపు తిరిగి వరుసగా నిలబడతాయి. రెండు బొట్లు ఆనుకున్నప్పుడు మధ్యలోని నూనె తప్పుకుంటుంది, తోకలు తోకలకు ఎదురై రెండు వరుసల పొర తయారవుతుంది. దీని మందం మిల్లీమీటరులో సుమారు రెండు లక్షలవ వంతు.

కణాల పొరలో రెండు వరుసలున్నాయని 1925లో హాలెండులో గోర్టర్, గ్రెండెల్ అనేవారు ఎర్ర రక్తకణాలను పరీక్షించి చెప్పారు. 1962లో అమెరికాలో ముల్లర్, రూడిన్ బృందం చిన్న రంధ్రానికి అడ్డంగా కృత్రిమ పొరను నిలబెట్టింది. అది ఇట్టే పగిలిపోయేది. 2006లో జపాను పరిశోధకులు, ఆ వెంటనే ఆక్స్‌ఫర్డులో హేగన్ బేలీ బృందం నీటి బొట్ల పద్ధతి చూపించారు. ఈ పొరలు ఎక్కువసేపు నిలుస్తాయి. మన హైదరాబాదులోని సి.సి.ఎం.బి.లో కూడా కణాల పొరల మీద ఏళ్ల తరబడి పరిశోధన జరిగింది.

పొరకు కన్నం పడితే

ఉప్పు ఈ పొరను తనంతట తాను దాటలేదు. దానికి ప్రోటీనుతో చేసిన ద్వారం కావాలి. ఒక బొట్టులో స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే సూక్ష్మజీవి విడిచే విషాన్ని వేస్తే, ఏడు అణువులు ఉంగరంలా చేరి పొరకు కన్నం పెడతాయి. బొట్లలో సన్నని తీగలు పెట్టి చూస్తే, ఒక్క కన్నం పడినా కరెంటు ప్రవహించడం తెలుస్తుంది. సెగగడ్డల్లో, చీముపట్టిన పుండ్లలో మన కణాలను పాడుచేసేది ఈ జాతి సూక్ష్మజీవే. కనుక గాయాన్ని సబ్బు నీటితో కడిగి శుభ్రమైన గుడ్డ కట్టండి. గడ్డను పిండకండి. డాక్టరు రాసిన మాత్రలను నొప్పి తగ్గగానే మధ్యలో ఆపకండి.

చక్కెర తెరిచే తలుపు

కలరా వంటి భేదుల్లో పేగు కణాల నుండి ఉప్పు, దాని వెంట నీరు బయటికి పోతాయి. అయినా ఒక తలుపు చెడకుండా ఉంటుంది. గ్లూకోజు, ఉప్పులోని సోడియం జంటగా వస్తేనే అది తెరుచుకుంటుంది. వాటి వెంట నీరు లోపలికి వస్తుంది. ఓ.ఆర్.ఎస్. రహస్యం ఇదే. 1971లో బంగ్లా కాందిశీకుల శిబిరంలో కలరా ప్రబలినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ దీనిని తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు తగ్గాయి.

చక్కెర మరీ ఎక్కువైతే నీరు తిరిగి పేగులోకే పోతుంది, భేదులు పెరుగుతాయి. తీపి పానీయాల మీద ఓ.ఆర్.ఎస్. అనే పేరు ఉండకూడదని హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడకాన్ని నిషేధించింది.

తల్లులు గుర్తుంచుకోవలసినవి

• ప్యాకెట్టు మీద రాసినన్ని నీళ్లలోనే, కాచి చల్లార్చిన నీటిలో కలపండి. 24 గంటలు దాటితే పారబోయండి.
• ప్యాకెట్టు దొరకకపోతే లీటరు నీటికి 6 టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, తలకొట్టి కొలవండి. ఉప్పు పెంచకండి.
• రెండేళ్ల లోపు బిడ్డకు ప్రతి విరేచనం తరువాత 50 నుండి 100 మి.లీ. చెంచాతో కొద్దికొద్దిగా పట్టండి.
• చనుబాలు ఆపకండి. జింకు మాత్రలు 14 రోజులు వాడాలి, మోతాదు డాక్టరును అడగండి.
• కళ్లు లోతుకు పోయినా, మూత్రం రాకపోయినా, మలంలో రక్తం పడినా, బిడ్డ మగతగా ఉండి తాగలేకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

తెల్లవారేదాకా చూద్దామని ఆగకండి. దారిలో కూడా ఓ.ఆర్.ఎస్. పడుతూనే రండి. తాగలేని బిడ్డకు మాత్రం బలవంతంగా పోయకండి.