బోల్టు తెరిస్తే తెలుస్తుంది

"ఖాళీగా ఉందనుకున్నాను." తుపాకీ ప్రమాదం జరిగిన చోట తరచుగా వినిపించే మాట ఇది. దీని వెంటే వచ్చే రెండో మాట, "సేఫ్టీ వేసే ఉంది." ఈ మాటలు చెప్పేవాళ్ళు చాలాసార్లు అబద్ధమాడరు, నిజంగానే అలా అనుకుంటారు. అనుకోవడానికీ కళ్ళతో చూసి తెలుసుకోవడానికీ మధ్య ఉన్న ఆ కాస్త ఎడంలోనే మనిషి ప్రాణం పోతుంది. మ్యాగజైన్ ఉన్న వేట రైఫిళ్ళలో ఆ ఎడాన్ని సులువుగా చెరిపేయగలిగింది బోల్ట్ యాక్షన్ రైఫిల్. దాని గొప్పతనం గురిలో ఉందని చాలామంది చెబుతారు. గురి నిజమే. కానీ చేతపట్టి అడవిలో నడిచేవాడికి అంతకంటే ముఖ్యమైనది, అది తన స్థితిని దాచుకోలేదన్నది.

బోల్టు అంటే గొట్టం వెనక భాగాన్ని మూసే ఉక్కు కడ్డీ. తలుపు గడియలాగే పనిచేస్తుంది: పిడి పట్టుకుని పైకి తిప్పితే విడివడుతుంది, వెనక్కి లాగితే తెరుచుకుంటుంది, ముందుకు తోసి కిందికి తిప్పితే బిగుసుకుంటుంది. వెనక్కి లాగినప్పుడు పేలిన తూటా గుల్ల బయటికొచ్చి పడుతుంది. ముందుకు తోసినప్పుడు మ్యాగజైన్‌లో పైనున్న తూటా, గొట్టం వెనక తూటా కూర్చునే గది అయిన చాంబర్‌లోకి వెళుతుంది. ప్రతి తూటానూ మనిషి చెయ్యే ఎక్కించాలి, మనిషి చెయ్యే తీయాలి. సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌లో ఒకటి పేలగానే రెండోది తనంతట తానే సిద్ధమవుతుంది. బోల్ట్ యాక్షన్‌లో అలా జరగదు. రెండో దెబ్బకు ఆలస్యం కావడం దీని లోపమని అనేవాళ్ళున్నారు. రక్షణ మాటకొస్తే ఆ ఆలస్యమే మేలు.

ఈ రకం రైఫిళ్ళకు మూలపురుషుడి లాంటిది మౌజర్ 98. జర్మనీలో నెకర్ నది ఒడ్డున ఉన్న ఓబర్న్‌డార్ఫ్ పట్టణంలో పాల్ మౌజర్ ఏళ్ళ తరబడి మెరుగులు దిద్దిన నమూనా అది. 1898 ఏప్రిల్ 5న జర్మన్ సైన్యం దాన్ని తీసుకుంది. సైనికుల కోసం పుట్టినా, దాని యంత్రాంగం మీద కట్టిన వేట రైఫిళ్ళు ఆఫ్రికా నుంచి కుమావూ కొండల దాకా వెళ్ళాయి. లండన్‌లోని జాన్ రిగ్బీ కంపెనీ మౌజర్ యంత్రాంగాలు తెప్పించి, వాటికి తన గొట్టమూ తన చెక్క పనితనమూ చేర్చి అమ్మేది. మౌజర్ 7×57 తూటాకే .275 రిగ్బీ అని పేరు పెట్టింది. చంపావత్ నరభక్షక ఆడపులిని 1907లో చంపినందుకు వేటగాడు జిమ్ కార్బెట్‌కు బహుమతిగా ఇచ్చింది ఆ .275 రిగ్బీనే.

మౌజర్ 98లో మూడు సంగతులు ఇక్కడ మనకు అవసరం. ఒకటి, బోల్టు ముందు భాగంలో బలమైన రెండు లగ్గులు ఉంటాయి. గొట్టం వెనక గూటిలో అవి ఇరుక్కుని పేలుడు ఒత్తిడిని ఆపుతాయి. అవి విఫలమైతే అడ్డుకోవడానికి వెనక మూడోది కూడా పెట్టాడు మౌజర్. తూటా గుల్ల పగిలితే ఆ వేడి గ్యాసు కాల్చేవాడి కళ్ళలోకి రాకుండా బోల్టు కడ్డీకి రంధ్రాలు చేశాడు. తుపాకీని పట్టుకున్న మనిషి గురించి ఆలోచించిన పనివాడి జాగ్రత్త ఇది.

రెండోది బోల్టు పక్కన పొడుగ్గా ఉండే కొక్కెం. తూటా మ్యాగజైన్‌లోంచి పైకి లేచీ లేవగానే దాని అంచును ఈ కొక్కెం పట్టేసుకుంటుంది. ఇక బోల్టును సగంలో ఆపినా, వెనక్కి లాగినా, తూటా దానితోపాటే వస్తుంది. తర్వాత వచ్చిన చవక నమూనాలు చాలావాటిలో బోల్టు తూటాను ఊరికే ముందుకు నెడుతుంది. బోల్టు పూర్తిగా మూసుకున్నప్పుడే కొక్కెం పట్టు దొరుకుతుంది. మధ్యలో మనసు మార్చుకుని బోల్టు వెనక్కి లాగితే తూటా చాంబర్‌లోనే ఉండిపోవచ్చు. బోల్టు లాగాను కదా, ఖాళీ అయ్యే ఉంటుందని ఆ మనిషి అనుకుంటాడు. అందుకే రైఫిల్ ఏదైనా సరే, బోల్టు తెరిచాక చాంబర్‌లోకి తొంగి చూడాలి. చీకట్లో అయితే చిటికెన వేలు పెట్టి తడిమి చూడాలి.

అమెరికాలో 1930ల మధ్యలో వచ్చిన వించెస్టర్ మోడల్ 70 ఈ మౌజర్ కొక్కేన్నే తీసుకుంది. 1964లో తయారీ ఖర్చు తగ్గించుకోవడానికి దాన్ని తీసేశారు. వేటగాళ్ళు ఆ మార్పును క్షమించలేదు. 1964కు ముందు నాటి మోడల్ 70లకు ఈనాటికీ గిరాకీ ఉంది. చివరికి 1990లలో కంపెనీయే పాత పద్ధతిని తిరిగి తెచ్చింది.

మూడోది సేఫ్టీ. దీని దగ్గర కాస్త నిలబడాలి. మౌజర్ బోల్టు వెనక చిన్న రెక్కలాంటి మీట ఉంటుంది. ఎడమకు వాల్చితే రైఫిల్ కాల్చడానికి సిద్ధం. కుడికి వాల్చితే తూటాను పేల్చే ఫైరింగ్ పిన్నూ కదలదు, బోల్టూ తెరుచుకోదు. నిట్టనిలువుగా నిలబెడితే పిన్ను కదలదు కానీ బోల్టు తెరుచుకుంటుంది. అంటే సేఫ్టీ వేసి ఉండగానే తూటా బయటికి తీసేయవచ్చు. చూడటానికి చిన్న సదుపాయంలా ఉంటుంది. తుపాకీ ఖాళీ చేసే క్షణమే ప్రమాదం పొంచి ఉండే క్షణమని తెలిసినవాళ్ళకు దాని విలువ తెలుస్తుంది.

1962లో వచ్చిన రెమింగ్టన్ 700 అమెరికాలో విపరీతంగా అమ్ముడైన రైఫిల్. తొలి ఇరవయ్యేళ్ళ పాటు తయారైనవాటిలో సేఫ్టీ వేసి ఉంటే బోల్టు తెరుచుకునేది కాదు. చాంబర్‌లో ఉన్న తూటా తీయాలంటే ముందు సేఫ్టీ తీయక తప్పదు. 1982లో కంపెనీ ఆ పద్ధతి మార్చింది. మౌజర్ అంతకు అరవై ఏళ్ళకు పైగా ముందే విప్పిన చిక్కును తర్వాతి తరం మళ్ళీ వేసుకోవడం నాకు బాధ కలిగించే విషయం. 2014లో ఇదే కంపెనీ, కొన్నేళ్ళుగా తాను వాడుతున్న కొత్త రకం ట్రిగ్గర్ ఉన్నవాటిలో కొన్ని వాటంతటవే పేలే అవకాశం ఉందని రైఫిళ్ళను వెనక్కి పిలిపించింది. తయారీలో వాడిన జిగురు పదార్థం ఎక్కువ కావడం కారణం. సేఫ్టీ కూడా యంత్రమే. అరుగుతుంది, మురికి పడుతుంది, తుప్పు పడుతుంది.

సేఫ్టీలన్నీ ఒకటి కాదన్నది కూడా తెలిసి ఉండాలి. మౌజర్, పాత వించెస్టర్ 70 లాంటివాటిలో అది ఫైరింగ్ పిన్‌నే వెనక్కి పట్టి ఉంచుతుంది. లోపలి పట్టు జారినా పిన్ను ముందుకు పోదు. మరికొన్ని రైఫిళ్ళలో సేఫ్టీ ట్రిగ్గర్‌ను మాత్రమే ఆపుతుంది. వేలితో నొక్కితే పేలదు, నిజమే. రాయి మీద గట్టిగా పడి లోపలి పట్టు తప్పితే దాన్ని ఆపేది ఏదీ ఉండదు. జర్మనీ కంపెనీ బ్లేజర్ 1993లో తెచ్చిన ఆర్ 93 రైఫిల్‌లో వేరే దారి పట్టింది. అందులో పిన్నును నెట్టే స్ప్రింగు ముందుగా బిగించి ఉండదు. కాల్చబోయే ముందు బొటనవేలితో మీట ముందుకు తోసి బిగించాలి. కాల్చకపోతే అదే వేలితో వదులు చేయవచ్చు. ఆ ఆలోచన నాకు నచ్చింది.

ఏ సేఫ్టీ అయినా చాంబర్‌లో తూటా లేకపోవడానికి సాటి రాదు. నడిచేటప్పుడు మ్యాగజైన్‌లో తూటాలు ఉండనివ్వండి, చాంబర్ ఖాళీగా ఉంచండి. జింక కోసమో అడవిపంది కోసమో నడిచేవాడికి బోల్టు ఒకసారి ఆడించడానికి పట్టేది ఒకటి రెండు సెకన్లు. చప్పుడుకు జంతువు బెదిరి పోతుందేమోనన్న భయంతోనే చాలామంది తూటా ఎక్కించి నడుస్తారు. పోతే పోనివ్వండి. కూర్చుని కాచే చోటికి చేరాక, పక్కవాళ్ళు ఎక్కడున్నారో తెలిశాక ఎక్కించుకోవచ్చు.

దీనికి మినహాయింపు ఉంది. 1930 ఏప్రిల్‌లో కాలా ఆగర్ దగ్గర చౌగఢ్ ఆడపులి వెంట వెళ్ళినప్పుడు కార్బెట్ ఎడమ చేతిలో పక్షి గుడ్లున్నాయి. కుడిచేతిలో తేలికపాటి రైఫిల్ ఛాతీకి అడ్డంగా, సేఫ్టీ తీసి ఉంది. పెద్ద బండ దాటి కుడి భుజం మీదుగా వెనక్కి చూసేసరికి పులి ముఖం కనిపించింది. ఆయన ఒంటిచేత్తోనే, పులి బెదరకుండా మెల్లగా, గొట్టాన్ని ముప్పావు చుట్టు తిప్పి కాల్చాడు. ఈ కథ చదివి తామూ అలాగే తిరగాలనుకునేవాళ్ళు ఒక సంగతి గమనించాలి. ఆయన వెతికింది అరవైకి పైగా మనుషులను పొట్టన పెట్టుకున్న పులుల జంటలో మిగిలినదాన్ని. అది ఎటు నుంచైనా మీదపడవచ్చు. ఆయన దారి తీస్తూ ముందున్నాడు, ఆయన రైఫిల్ మూతికి ఎదురుగా తోడు వచ్చినవాళ్ళెవరూ లేరు. గాయపడిన అడవిదున్న వెంట పొదల్లోకి వెళ్ళేవాడికీ ఇదే వర్తిస్తుంది. మామూలు వేటకు వర్తించదు.

ఇక పట్టుకునే తీరు. రెండు చేతులతో ఛాతీకి అడ్డంగా, మూతి పైకి ఎత్తి పట్టుకోవడం అన్నిటికంటే మేలు. కాలు జారినా మూతి మీ అదుపులోనే ఉంటుంది. చూపుడు వేలు ట్రిగ్గర్ గార్డుకు బయట, చెక్కను ఆనుకుని ఉండాలి. అలసినప్పుడు మోచేతి వంపులో అడ్డంగా పెట్టుకోవచ్చు. అయితే కుడిచేతి వాటం మనిషి రైఫిల్ మూతి ఎడమవైపు తిరిగి ఉంటుంది కనక, ఆ పక్క ఎవరైనా నడుస్తుంటే ఆ పద్ధతి పనికిరాదు. మూతి ముందుకు పెట్టి ఒంటిచేత్తో పట్టుకోవడం వరసలో అందరికంటే ముందున్నవాడికి మాత్రమే కుదురుతుంది. భుజం మీద పెట్టుకుంటే మూతి వెనకవాడి వైపు ఉంటుంది కనక అది చివరివాడికే. బెల్టుతో భుజానికి తగిలించుకుంటే చేతులు ఖాళీగా ఉంటాయి, దూరం నడవడానికి హాయి. కానీ దట్టమైన పొదల్లో కొమ్మ తగిలి రైఫిల్ భుజం మీంచి జారిపోతుంది, వంగినప్పుడు మూతి ముందున్నవాడి వైపు తిరుగుతుంది. అలాంటి చోట బెల్టు తీసి చేతుల్లోకి తీసుకోవాలి.

కంచె దాటడం, వాగు దాటడం, మంచె ఎక్కడం, ఈ మూడు చోట్లా రైఫిల్ పూర్తిగా ఖాళీ చేయాలి. కంచె దగ్గర ఒక్కడే ఉంటే బోల్టు తెరిచిన రైఫిల్‌ను కంచె కిందుగా అవతలికి పెట్టి, మూతి తనకు ఎదురుగా లేకుండా చూసుకుని, కాస్త దూరం జరిగి దాటాలి. ఇద్దరుంటే ఒకరు దాటాక రెండోవాళ్ళు ఖాళీ రైఫిళ్ళు అందించాలి. ఇక్కడే తెరిచిన బోల్టు పనికొస్తుంది. అందుకునేవాడు మాట మీద నమ్మకం పెట్టుకోనక్కర్లేదు, చాంబర్ తన కళ్ళకే కనిపిస్తుంది. అయినా అందుకోగానే తానూ ఒకసారి చూడాలి. ఎన్‌సీసీ ఫైరింగ్‌కు వెళ్ళిన మన పిల్లలకు ఇది కొత్త కాదు. .22 రైఫిల్ కాల్చడం అయ్యాక బోల్టు వెనక్కి లాగి ఖాళీ అని చూపించందే ఎవరినీ లేవనివ్వరు. మంచె ఎక్కేటప్పుడు రైఫిల్ చేత్తో పట్టుకుని ఎక్కకూడదు. కింద తాడు కట్టి, పైకెక్కాక, మూతి కిందికి ఉండేలా లాక్కోవాలి.

జారిపడ్డాక లేచి బట్టలు దులుపుకుని నడిచిపోవడం సహజం. అలా పోకూడదు. మూతిలో బురదో మంచో ఇరుక్కుని ఉంటే, ఆ స్థితిలో కాలిస్తే గొట్టం ఉబ్బిపోవచ్చు, చీలిపోవచ్చు. బోల్ట్ యాక్షన్‌లో దీనికీ మంచి వీలుంది. తూటాలన్నీ తీసేసి, చాలా నమూనాల్లో ఏ పనిముట్టూ లేకుండానే బోల్టును బయటికి లాగి, వెనక వైపు నుంచి గొట్టంలోంచి ఆకాశం చూడవచ్చు. వెలుతురు గుండ్రంగా కనిపించాలి. మూతి వైపు నుంచి మాత్రం ఎప్పుడూ చూడకూడదు.

ట్రిగ్గర్ నొక్కే ముందు జంతువును గుర్తుపడితే చాలదు, దాని వెనక ఏముందో తెలియాలి. .30-06 తూటా గొట్టం ఎత్తి కాలిస్తే ఐదు కిలోమీటర్ల దాకా పోగలదు. వెనక మట్టిగట్టు ఉంటే తప్ప కొండ అంచున నిలబడ్డ జింకను కాల్చకూడదు.

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక సరదా వేట ముగిసిపోయింది, అది మంచికే జరిగింది. మనుషుల ప్రాణాలకు ముప్పు తెచ్చిన జంతువుల విషయంలో కూడా చట్టంలోని 11వ సెక్షన్ కింద అధికారుల అనుమతి కావాలి. ఈ జాగ్రత్తలతో నేరుగా పని పడే తెలుగువాళ్ళు ఇవాళ ఎక్కువగా అమెరికాలో ఉన్నారు. డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో ఉంటూ, తోటి ఉద్యోగులు పిలిస్తే మొదటిసారి జింకల వేటకు వెళ్ళేవాళ్ళు. టెక్సస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు సాధారణంగా హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తిచేయాలి. విస్కాన్సిన్‌లో 1973 జనవరి 1 నుంచి పుట్టినవాళ్ళకు ఇలాంటి నియమమే ఉంది. అక్కడ తుపాకీతో జింకల వేట రోజుల్లో కళ్ళకు కొట్టొచ్చే నారింజ రంగువో గులాబీ రంగువో దుస్తులు వేసుకోక తప్పదు. ఆన్‌లైన్‌లో పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకున్నా, అవకాశముంటే రైఫిల్ చేతికిచ్చి కంచె దాటించే క్లాసుకు వెళ్ళమనే చెబుతాను. చేతికి అలవాటు కావలసిన పని చదివితే రాదు.

సాయంత్రం కారు దగ్గరికి చేరేసరికి ఒళ్ళు అలసి, మాటల్లో పడి, చలికి వేళ్ళు మొద్దుబారి ఉంటాయి. కారు దాకా రాకముందే, ఇంకా అడవి వైపే మూతి పెట్టి, చాంబర్, ఆ తర్వాత మ్యాగజైన్ ఖాళీ చేయాలి. తీసిన తూటాలు లెక్కపెట్టాలి. పొద్దున ఎన్ని పెట్టారో, వాటిలో కాల్చినవి పోను అన్నీ చేతికి రావాలి. ఒకటి తగ్గితే అది ఎక్కడుందో తేలేదాకా రైఫిల్ సంచిలోకి వెళ్ళకూడదు. ఇంటికి చేరాక గొట్టం తుడిచి, బోల్టు తీసి ఒక బీరువాలో, రైఫిల్ ఇంకో బీరువాలో, తూటాలు మరోచోట తాళం వేసి పెట్టాలి. తాళంచెవులు పిల్లలకు తెలియని చోట ఉండాలి.