గుంటూరు గీత, రాజమండ్రి నల్లరాయి

మొన్న జయనగర్‌లో మా మనవడి పుట్టినరోజున దారం జారిన బెలూను ఒకటి సీలింగుకు అంటుకుపోయింది. "తాతయ్యా, ఇందులో గ్యాసు ఎక్కణ్ణించి వస్తుంది?" అన్నాడు వాడు. "హీలియంరా, మన గుంటూరులో కనిపెట్టారు" అన్నాను గర్వంగా. మనవాళ్ళకు అలవాటైన మాటే. కానీ సగమే నిజం.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరులో, మద్రాసు వేధశాల అధికారి పోగ్సన్ మచిలీపట్నంలో సూర్యుడి అంచున లేచే మంటల కాంతిని స్పెక్ట్రోస్కోపులో చూశారు. అందులో ఒక పసుపు గీత కనిపించింది. అది సోడియంది కాదని, కొత్త మూలకానిదని వాదించినవాడు మాత్రం ఇంగ్లండులోని లాకియర్. 1895లో రామ్సే దాన్ని యురేనియం ఖనిజంలోంచి రాబట్టాడు.

బెలూనులోది హీలియం-4. భూమి పొరల్లో యురేనియం, థోరియం క్షీణించగా పుడుతుంది. దీనికి ఒక అన్నగారున్నాడు, హీలియం-3. అది దాదాపంతా భూమి పుట్టినప్పుడే, అంటే సుమారు 450 కోట్ల ఏళ్ళ కిందటే, లోపల చిక్కుకుంది. జడవాయువు కనుక దేనితోనూ కలవదు. గాలిలోకి వచ్చిందా, తేలిక కనుక మెల్లగా అంతరిక్షంలోకి జారిపోతుంది. అందుకే దాని కోసం లావా రాళ్ళను వెతుకుతారు. మాంటిల్ అనే లోపలి పొర నుంచి పైకొచ్చిన రాళ్ళలో ఆలివిన్ అనే పచ్చటి స్ఫటికాలుంటాయి. వాటిలోని సూక్ష్మమైన బుడగల్లో వాయువు ఇరుక్కుని ఉంటుంది. స్ఫటికాలను శూన్యంలో నలగ్గొట్టి, బయటపడిన కాస్త వాయువునూ కొలుస్తారు.

1993లో ఆశిష్ బసు బృందం రాజస్థాన్‌లోని ముంద్వారా, సర్ను-దండాలి శిలల్లో ఇలాగే కొలిచింది. హీలియం-4తో పోలిస్తే హీలియం-3 పాలు గాలిలోకన్నా దాదాపు 14 రెట్లు! ఆ శిలల వయసు 6.85 కోట్ల ఏళ్ళు. దక్కను లావా వెల్లువకు అవి తొలి సూచన అనీ, ఆ లావాకు మూలం చాలా లోతున ఉందనీ వారు చెప్పారు. కెనడాలోని బాఫిన్ దీవి రాళ్ళలో 2023లో సుమారు 67 రెట్లు కనిపించింది.

ఆ దక్కను లావాయే పడమటి నుంచి వెయ్యి కిలోమీటర్లు పారి రాజమండ్రి చేరిందని పలువురి అభిప్రాయం. కాతేరు క్వారీల నల్లరాయి అదే. అంతదూరం పారిన లావాలో వాయువు చాలావరకు ఎగిరిపోతుంది లెండి.

"మరి లాల్‌బాగ్ కొండలో?" అన్నాడు మావాడు. అది లావా కాదు, సుమారు 300 కోట్ల ఏళ్ళ నాటి నైస్ శిల అన్నాను. వాడికి నచ్చలేదు.

తెల్లారేసరికి బెలూను నేలమీద ఉంది. రబ్బరు సందుల్లోంచే హీలియం జారిపోయింది. ఈ దసరాకు రాజమండ్రి వెళితే ఒక నల్లరాయి తెమ్మని మనవడి ఆజ్ఞ.