పల్లెకో బడి పెట్టిన దేశం

మన సంఘాలలో ప్రసంగాల మధ్య ఒక కథ తరచుగా వినిపిస్తుంటుంది. స్కాట్లండులో ఫ్లెమింగ్ అనే పేద రైతు బురదగుంటలో కూరుకుపోతున్న ఒక ధనవంతుని కొడుకును పైకి లాగాడట. ఆ ధనవంతుడు కృతజ్ఞతతో రైతు కొడుకును చదివించాడట. ఆ రైతు కొడుకే పెన్సిలిన్ కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్, బురదలో పడ్డవాడు విన్‌స్టన్ చర్చిల్, చర్చిల్‌కు న్యుమోనియా వచ్చినప్పుడు బతికించింది ఆ పెన్సిలినే అని ముగింపు. వినడానికి చాలా బాగుంటుంది. మా పత్రికలో వేయమని పంపినవారూ ఉన్నారు.

వేయలేదు, ఎందుకంటే అది జరగలేదు. అలెగ్జాండర్‌కు ఏడేళ్ల వయసులోనే తండ్రి చనిపోయాడు. 1943లో చర్చిల్‌కు న్యుమోనియా వచ్చినప్పుడు వైద్యులు ఇచ్చింది సల్ఫా మాత్రలు, పెన్సిలిన్ కాదు. అది కట్టుకథేనని ఫ్లెమింగే ఒక స్నేహితునికి రాశారు. పుల్పిట్ మీద నుంచి చెప్పే మాటకు సాక్ష్యం బలంగా ఉండాలి గనుక, ఈ కథను ఇక పక్కన పెట్టమని పాస్టర్లకు మా మనవి.

నిజంగా జరిగిన కథ దీనికేమీ తీసిపోదు. ఫ్లెమింగ్ 1881లో ఐర్‌షైర్‌లోని డార్వెల్ దగ్గర ఒక పొలంలో పుట్టారు. కొండ మీద ఉన్న చిన్న బడికి నడిచి వెళ్లి చదువుకున్నారు. పదమూడేళ్లకు లండన్ వెళ్లి, కొంత చదివి, ఓడల కంపెనీలో నాలుగేళ్లు గుమాస్తాగా పనిచేశారు. ఒక మేనమామో పినతండ్రో వదిలిపోయిన కొద్దిపాటి ఆస్తిలో వాటా చేతికి వచ్చాక, డాక్టరైన అన్న సలహాతో వైద్యంలో చేరారు. 1928లో గాజు పళ్లెంలో పట్టిన బూజు చుట్టూ క్రిములు చచ్చిపడి ఉండటం గమనించారు. దాన్ని మందుగా తయారుచేసింది ఆక్స్‌ఫర్డ్‌లోని ఫ్లోరీ, చెయిన్ బృందం. 1945లో నోబెల్ బహుమతిని ముగ్గురూ పంచుకున్నారు. ఏ దొరగారి ఉపకారమూ ఇందులో లేదు. కొండ మీద ఒక బడి ఉంది. అటువంటి బడులు ఆ దేశంలో మూలమూలకూ ఎలా వచ్చాయన్నదే ఈ వారం మేము చెప్పదలచుకున్నది.

స్కాట్లండు వైశాల్యం మన ఆంధ్రప్రదేశ్‌లో సగానికి తక్కువ. ఈనాటికీ అక్కడి జనం సుమారు 55 లక్షలు, అంటే హైదరాబాదు నగరమంత కూడా లేరు. 1755లో అలెగ్జాండర్ వెబ్‌స్టర్ అనే ఎడిన్‌బరో పాస్టరు, ఊరూరా ఉన్న తోటి పాస్టర్ల సాయంతో జనాభా లెక్క తీస్తే పన్నెండున్నర లక్షలు దాటి తేలారు. ఆ కొద్దిమందిలో నుంచే ఆవిరియంత్రాన్ని బాగుచేసిన జేమ్స్ వాట్, అర్థశాస్త్రానికి పునాది వేసిన ఆడమ్ స్మిత్, వంతెనలు కట్టిన గొర్రెల కాపరి కొడుకు థామస్ టెల్‌ఫోర్డ్ వచ్చారు. ఆ తరువాతి వందేళ్లలో టెలిఫోన్ బెల్, గాలి టైరు డన్‌లప్, 1926లో లండన్‌లో టెలివిజన్‌ను మొదటిసారి చూపించిన జాన్ లోగీ బెయిర్డ్ వచ్చారు. బెయిర్డ్ ఒక పాస్టరుగారి అబ్బాయి.

ఇంతమంది ఎలా వచ్చారంటే దానికి ఒకే కారణం చెప్పడం సరికాదు. వ్యాపారం ఉంది, బొగ్గు ఉంది, 1707లో ఇంగ్లండుతో కలయిక తెరిచిన మార్కెట్లు ఉన్నాయి. అయినా ఒక కారణం మాత్రం మన సంఘాలు ప్రత్యేకంగా తెలుసుకోవలసినది. 1560లో జాన్ నాక్స్, ఆయన తోటి సేవకులు సంస్కరించిన సంఘానికి ఒక ప్రణాళిక రాశారు. ప్రతి సంఘ పరిధిలోనూ, అంటే వాళ్ల మాటలో ప్రతి పారిష్‌లోనూ, ఒక బడి ఉండాలనీ, పేదవాని బిడ్డ తెలివైనవాడైతే విశ్వవిద్యాలయం దాకా సంఘం ఖర్చుతో వెళ్లాలనీ అందులో ఉంది. కారణం సులువైనదే. ప్రతి విశ్వాసీ లేఖనాన్ని తానే చదవాలంటే ముందు అక్షరాలు రావాలి. ఆ ఖర్చుకు పాత సంఘపు ఆస్తులు వాడాలన్నారు. కాని ఆ ఆస్తులు అప్పటికే ప్రభువర్గాల చేతుల్లోకి పోతున్నాయి, వాళ్లు వదల్లేదు. ప్రణాళిక కాగితం మీదే ఉండిపోయింది.

దాన్ని నిజం చేయడానికి 136 ఏళ్లు పట్టింది. 1696 చట్టం ప్రకారం ప్రతి పారిష్‌లోని భూస్వాములు బడికి ఒక ఇల్లు ఇవ్వాలి, పంతులుకు ఏడాదికి వంద మెర్కులకు తగ్గకుండా, రెండువందలకు మించకుండా జీతం ఇవ్వాలి. మెర్కు అప్పటి స్కాట్లండు నాణెం. భూస్వాములు ఎగవేస్తే ఆ ప్రాంతపు సంఘసభ వాళ్లమీద ఫిర్యాదు చేయవచ్చు. పిల్లలు కొద్దిగా ఫీజు కట్టాలి, కట్టలేని పిల్లల ఫీజును సంఘపెద్దలు పేదలనిధిలో నుంచి కట్టేవారు. ఆదివారం కానుకల సంచిలో పడిన చిల్లర ఆ నిధిలోకే వెళ్లేది. పంతులు జీతం మాత్రం 1803 వరకూ పెరగలేదు. బడిపంతుళ్ల కష్టాలు ఏ దేశంలోనైనా ఒకటేనేమో!

ఆ బడులను మరీ పొగడనక్కరలేదు. చాలామంది ఆడపిల్లలకు చదవడం నేర్పి, రాయడం నేర్పకుండా ఆపేసేవారు. ఉత్తరాన కొండప్రాంతాలలో గేలిక్ మాట్లాడే జనానికి చాలాకాలం ఇంగ్లీషులోనే పాఠాలు చెప్పారు. స్కాట్లండు గేలిక్‌లో కొత్త నిబంధన 1767కు గాని రాలేదు. ఎవరి భాషలో వారికి వాక్యం అని పోరాడిన సంస్కరణకు, తన ఇంట్లోని రెండో భాష కనబడటానికి రెండువందల ఏళ్లు పట్టింది.

అయినా ఆ బడిలో నుంచి వచ్చిన ఒక్క మనిషిని దగ్గరగా చూద్దాం. జేమ్స్ యంగ్ సింప్సన్ 1811లో బాత్‌గేట్ అనే ఊళ్లో రొట్టెలు కాల్చే ఇంట ఏడవ కొడుకుగా పుట్టారు. ఊరి బడిలో చురుకు చూసి ఇంటివాళ్లు, అన్నలు తమ సంపాదన కూడబెట్టి పద్నాలుగేళ్లకే ఎడిన్‌బరో విశ్వవిద్యాలయానికి పంపారు. ఆ రోజుల్లో మత్తు లేకుండానే శస్త్రచికిత్స చేసేవారు. రోగిని నలుగురు పట్టుకుంటే డాక్టరు కోసేవాడు. సింప్సన్ విద్యార్థిగా అది చూసి చలించిపోయారు. 28 ఏళ్లకే ప్రసూతివైద్యంలో ప్రొఫెసరై, నొప్పి తగ్గించే మందు కోసం ఇంట్లోనే రకరకాల ద్రవాలు పీల్చి పరీక్షించేవారు. 1847 నవంబరు 4 రాత్రి ఆయనా, ఇద్దరు సహాయకులూ భోజనాల బల్ల దగ్గర క్లోరోఫారం పీల్చి బల్లకిందికి వాలిపోయారు. లేచిన తరువాత తాము వెతుకుతున్నది దొరికిందని తెలుసుకున్నారు.

అప్పుడొక ప్రశ్న లేచింది. వేదనతో పిల్లల్ని కంటావని ఆదికాండము 3వ అధ్యాయంలో హవ్వతో దేవుడు చెప్పాడు కదా, ప్రసవవేదన తీసేయడం దేవుని మాటకు అడ్డు రావడం కాదా? సింప్సన్ దీన్ని నవ్వి వదిలేయలేదు. అదే ఏడాది ఒక చిన్న పుస్తకం రాసి, హెబ్రీ మాట దగ్గరికి వెళ్లి, అది శ్రమనూ ప్రయాసనూ సూచించే మాట అని వాదించారు. ముళ్లతుప్పలు మొలుస్తాయని అదే అధ్యాయంలో ఉంది, మరి కలుపు తీసే రైతు పాపం చేస్తున్నాడా అని అడిగారు. దేవుడు ఆదాము పక్కటెముక తీసేముందు అతనికి గాఢనిద్ర కలుగజేశాడని రెండో అధ్యాయాన్ని చూపించారు. నిజానికి ఆయన భయపడినంత వ్యతిరేకత సంఘాల నుంచి రాలేదని చరిత్రకారులు ఇప్పుడు అంటున్నారు. 1853లో విక్టోరియా రాణి తన ప్రసవంలో క్లోరోఫారం తీసుకున్నాక ఆ చర్చ చాలావరకు చల్లబడింది. మా ఉద్దేశంలో ఆయన కనిపెట్టిన మందు ఎంత విలువైనదో, వాక్యాన్ని విప్పి చూసిన ఆ ఓపిక కూడా అంత విలువైనది. వ్యాధిని విశ్వాసలోపమని చెప్పి మందులు మాన్పించే బోధ ఇప్పటికీ అక్కడక్కడ వినబడుతోంది కదా.

లివింగ్‌స్టన్ సంగతి మన సండేస్కూలు పిల్లలకు కూడా తెలుసు. పదేళ్ల వయసులో బ్లాంటైర్ నూలుమిల్లులో చేరి, ఉదయం ఆరు నుంచి రాత్రి ఎనిమిది దాకా పనిచేసి, మొదటి జీతంలో కొంత పెట్టి లాటిన్ వ్యాకరణం కొన్నాడు. దాన్ని యంత్రం మీద ఆనించి, అటూ ఇటూ తిరుగుతూ ఒక్కొక్క వాక్యం చదివేవాడు. రాత్రి మిల్లు బడి. డండీ మిల్లులో పదకొండేళ్లకు చేరి, సగం రోజు పని, సగం రోజు చదువుతో పెరిగిన మేరీ స్లెస్సర్ 1876లో కాలబార్ వెళ్లి, అక్కడ చంపేస్తున్న కవలపిల్లల్ని ఎత్తుకుని పెంచింది.

అందరూ భక్తులే అనుకోకూడదు. తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ సందేహవాది. 1745లో ఆయనకు ఎడిన్‌బరోలో ప్రొఫెసరు పదవి రాకుండా పాస్టర్లు అడ్డుపడ్డారు. మరోవైపు విద్యుత్తు, అయస్కాంతం, వెలుగు ఒకే సంగతికి సంబంధించినవని సమీకరణాలతో చూపిన జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ ఎనిమిదేళ్లకే 119వ కీర్తన 176 వచనాలూ అప్పజెప్పేవాడు. పెద్దయ్యాక తన ఊరి సంఘంలో పెద్దగా ఉన్నాడు. కేంబ్రిడ్జిలో ఆయన కట్టించిన కావెండిష్ ప్రయోగశాల తలుపు మీద 111వ కీర్తన రెండో వచనం లాటిన్‌లో చెక్కి ఉంది.

మన నేలకూ వాళ్లతో సంబంధం ఉంది. అమరావతి స్తూపం శిల్పాల గురించి బయటి లోకానికి చెప్పిన కాలిన్ మెకంజీ స్కాట్లండు పశ్చిమాన లూయిస్ దీవిలోని స్టోర్నోవేలో పుట్టారు. ఏలూరుకు చెందిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు లేకపోతే ఆయన సేకరించిన కైఫీయతులు లేవు. దత్తమండలాల కలెక్టరుగా రైత్వారీ పద్ధతి పెట్టిన థామస్ మన్రో గ్లాస్గోవాడు. 1827లో పత్తికొండలో కలరాతో చనిపోయాడు. స్కాట్లండు మిషనరీలు నడిపిన మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివిన సర్వేపల్లి రాధాకృష్ణన్, అక్కడ విన్న విమర్శలే తనను వేదాంతం లోతుగా చదివించాయని రాసుకున్నారు. ఆ వేదాంత వ్యాసాన్ని మెచ్చుకుంటూ యోగ్యతాపత్రం ఇచ్చింది కూడా ఆయన స్కాట్ గురువు హాగ్‌గారే.

ఇక చెప్పడానికి మనసొప్పని సంగతులు రెండు. బడుల చట్టం వచ్చిన మరుసటి జనవరిలో, 1697లో, థామస్ ఐకెన్‌హెడ్ అనే ఇరవై ఏళ్ల ఎడిన్‌బరో విద్యార్థిని దైవదూషణ నేరం కింద ఉరితీశారు. స్నేహితుల మధ్య లేఖనాలను ఎగతాళి చేశాడని సాక్ష్యం. అతడు పశ్చాత్తాపపడుతున్నానని వేడుకున్నాడు. సంఘ మహాసభ క్షమాభిక్ష అడగలేదు, దూషణ మీద చట్టాన్ని గట్టిగా అమలు చేయమంది. అందరూ చదవాలన్న సంఘమే, చదివి సందేహపడినవాణ్ణి బతకనివ్వలేదు.

రెండోది 1843లో సంఘం చీలి ఫ్రీ చర్చ్ ఏర్పడినప్పటిది. నాలుగువందల మందికి పైగా పాస్టర్లు జీతాలు, ఇళ్లు వదులుకుని మనస్సాక్షి కోసం బయటికి వచ్చారు. అది గొప్ప త్యాగమే. కొత్త గుళ్లకూ బడులకూ డబ్బు కావాలి గనుక అమెరికా వెళ్లి చందాలు తెచ్చారు. వాటిలో దక్షిణాది బానిసల యజమానులు ఇచ్చినవీ ఉన్నాయి. 1846లో, బానిసత్వం నుంచి తప్పించుకున్న ఫ్రెడరిక్ డగ్లస్ స్కాట్లండు ఊళ్లలో తిరిగి, ఆ డబ్బు వెనక్కి పంపమని సభల్లో అడిగాడు. గోడల మీదా అదే నినాదం రాశారు. ఫ్రీ చర్చ్ పంపలేదు. కానుక ఎక్కడి నుంచి వచ్చిందని అడగడం మనకూ ఇబ్బందిగానే ఉంటుంది.

పుస్తకాల్లో కాస్త తక్కువగా కనిపించే ఒక స్కాట్ స్త్రీ పేరు కూడా చెబుతాం. జేన్ హెయినింగ్ 1897లో డన్‌స్కోర్ అనే పల్లెలో రైతు ఇంట పుట్టింది. గుమాస్తాగా పనిచేసి, 1932లో బుడాపెస్టులోని స్కాటిష్ మిషన్ బడిలో ఆడపిల్లల వసతిగృహానికి మేట్రన్‌గా వెళ్లింది. పిల్లల్లో చాలామంది యూదులు. 1940లో యుద్ధం ముదిరాక సంఘం ఆమెను ఇంటికి వచ్చేయమంది. ఆమె రానంది. 1944 ఏప్రిల్‌లో గెస్టాపో ఆమెను పట్టుకుంది. పిల్లల బట్టలకు పసుపు నక్షత్రాలు కుడుతూ ఏడ్చిందన్నది ఆమెపై మోపిన నేరాలలో ఒకటి. ఆ వేసవిలోనే ఆష్విట్జ్ శిబిరంలో చనిపోయింది. బుడాపెస్టులో దాన్యూబు గట్టుమీది ఒక రోడ్డుకు ఇప్పుడు ఆమె పేరు ఉంది.