పాత రోజులను అమ్మెడి ప్రకటనలు

ఒంగోలునుండి తూర్పుగా సముద్రపు దిక్కునకు సాగిన బాట ముగియుచోట, సరుగుడు తోపులకును ఇసుక తిన్నెలకును నడుమ నున్న కొత్తపట్నములో, మామిడికాయలు పచ్చళ్లకు వచ్చు వేసవి దినములలో ఏ యింటి టీవీ ముందు కూర్చున్నను, సీరియల్ నడుమ విరామము వచ్చినంతనే తెరపై ఒక పెంకుటిల్లు ప్రత్యక్షమగును. ఆ యింటి పెరటిలో మామిడిచెట్టు, చెట్టు నీడలో వెడల్పైన బేసిను, బేసిను ముందు జరీ అంచు చీర కట్టిన నాయనమ్మ. ఆమె అప్పుడే కలిపిన ఆవకాయతో వేడి అన్నము కలిపి తొలిముద్ద మనుమని నోట పెట్టును. అంతలో ఆ మనుమడు పెరిగి పెద్దవాడై, నగరమున అపార్టుమెంటు వంటగదిలో సీసా మూత విప్పి, కన్నులు మూసికొని చిరునవ్వు నవ్వును. సీసా మీది పేరు ఏదైనను కథ ఒక్కటే. అర నిమిషములో ముప్పది యేండ్ల జీవితమును దాటించి, చూపరి గుండెను కరగించి, చేత డబ్బు తీయించు ఈ విద్య యెట్టిదో తెలిసికొనుట మనకు మిక్కిలి అవసరము. ఏలయన తెరపై కనిపించెడి ఆ పల్లె మనది, ఆ కారము మన గుంటూరు, ప్రకాశము జిల్లాల నల్లరేగడి చేలలో పండినది.

గడచిన కాలముపై బెంగ మొదట ఒక వ్యాధిగా లెక్కింపబడినది. 1688లో యోహానెస్ హోఫర్ అను వైద్యవిద్యార్థి, స్వదేశమునకు దూరమైన స్విస్సు యువకులు ఇంటిపై దిగులుతో కృశించుటను గూర్చి బాసెల్ నగరమున సిద్ధాంతవ్యాసము వ్రాసెను. నేటి మనస్తత్వవేత్తలు దానిని రోగమనరు; ఒంటరితనమున మనస్సు తనకు తాను కల్పించుకొను ఓదార్పనియే చెప్పుదురు. పదియవ యేటినుండి ముప్పదియవ యేటివరకు జరిగిన సంగతులు, వయసు మీరిన పిదప తక్కిన కాలపు సంగతులకన్న దట్టముగ జ్ఞప్తికి వచ్చునని వారు కనుగొనిరి. మోరిస్ హోల్‌బ్రూక్, రాబర్ట్ షిండ్లర్ అను అమెరికా ఆచార్యులు 1989లో ప్రకటించిన పరిశోధనలో, మనుష్యులు తమ యిరువదినాలుగవ యేటి ప్రాంతమున ప్రచారములో నుండిన పాటలనే తరువాత కూడ అధికముగ మెచ్చుకొందురని తేలినది. 2014లో లాసలేటా, సెడికిడీస్, వోస్ అను మువ్వురు మఱియొక మెట్టు ముందునకు పోయి, గతమును తలచుకొనుచున్న మనిషికి ధనముపై పట్టు సడలుననియు, అతడు వస్తువునకు హెచ్చు వెల యిచ్చుటకు సిద్ధపడుననియు చూపిరి. నలువది, యేబది యేండ్ల గృహస్థుని చేతిలోనే ఇంటి ఖర్చు ఉండును. అతని యౌవనకాలపు పాటయో, బొమ్మయో, స్కూటరో తెరపైకి వచ్చుట ఏ కారణముననో దీనినిబట్టి తెలియగలదు.

ఈ విద్యకు లోకమంతట ఉదాహరణముగ చెప్పుకొను చిత్రము ఇంగ్లండులోనిది. హోవిస్ రొట్టెల కొరకు 1973లో రిడ్లీ స్కాట్ తీసిన ఆ ప్రకటనలో, ఒక బాలుడు రొట్టెల బుట్ట గల సైకిలును రాళ్లు పరచిన నిట్టవాలు వీథిలో నెట్టుకొనుచు పైకెక్కును. వెనుక డ్వోర్షాక్ సింఫనీలోని మందగతి స్వరము వినబడుచుండును. ఒక వృద్ధుని గొంతు తన బాల్యమును చెప్పుకొనుచుండును. రొట్టెను గూర్చి చెప్పినదానికన్న వీథిని గూర్చి చెప్పినదే యెక్కువ. మన దేశమున 2013లో అంగడికి వచ్చిన పేపర్ బోట్ పానీయముల వారు తమ వ్యాపారమునంతటిని జ్ఞాపకముల మీదనే నిలిపి, ఆమ్‌పన్నా, జల్‌జీరా వంటి యింటి పానీయములను సంచులలో నింపి, ‘మాల్గుడి డేస్’ ధారావాహిక స్వరమును, గుల్జార్ కంఠమును తోడు తెచ్చుకొనిరి. క్రికెట్ మైదానములోనికి నాట్యము చేయుచు పరుగెత్తిన యువతితో 1990లలో దేశమునంతటిని ఆకట్టుకొనిన క్యాడ్‌బరీ ప్రకటనను 2021లో ఆట ఆడునది స్త్రీయై, నాట్యము చేయువాడు పురుషుడై యుండునట్లు తిరిగి తీసిరి. పాత పాటయే, క్రొత్త కాలము. 2020 మార్చి చివర లాక్‌డౌన్‌లో దూరదర్శన్ ‘రామాయణ్’ను తిరిగి ప్రసారము చేయగా, అమూల్ సంస్థ ఆ కాలపు తన పాత ప్రకటనలనే దుమ్ము దులిపి నడుమ చూపెను. క్రొత్తగా ఏమియు తీయకయే క్రొత్త ప్రకటన సిద్ధమైనది.

దూరదర్శన్‌లో వ్యాపారప్రకటనలు 1976 జనవరి 1వ తేదీన మొదలైనవి. హైదరాబాదు కేంద్రము 1977లో నెలకొన్నది. జెమిని, ఈటీవీ 1995లో వచ్చినవి. అనగా మన టీవీ ప్రకటనలకే తమవైన పాత దినములు ఏర్పడినవి. గుంటూరునుండి వచ్చిన ట్రిపుల్ ఎక్స్ సబ్బును ‘సంస్కారవంతమైన సోప్’ అని చెప్పుట వినినవారు, ఆ సబ్బు వాడినను వాడకపోయినను, నేటికిని ఆ మాటను అదే స్వరముతో పలుకగలరు. వస్తువును గుర్తు చేయుటకు పుట్టిన ప్రకటన, చివరకు బాల్యమును గుర్తు చేయు వస్తువైనది.

ఇందు ఆలోచింపదగిన విషయ మొకటి కలదు. ఒకప్పుడు ఈ ప్రకటనలే పాత అలవాట్లను వెక్కిరించినవి. పాలు, బాదములు తిని కండలు పెంచిన వస్తాదు, పండ్లను మాత్రము బొగ్గుతో తోముకొనుటను చూచి ఆశ్చర్యపడిన కాల్గేట్ పండ్లపొడి ప్రకటన మన తరమువారికి జ్ఞాపకమే. కచ్చికతోను, వేపపుల్లతోను, ఉప్పుతోను పండ్లు తోముకొనిన మన పల్లెవాసులు అట్టి బొమ్మలను చూచి చిన్నబుచ్చుకొని ట్యూబులకు మరలిరి. పిమ్మట కొన్నియేండ్లకు అదే సంస్థ, నీ టూత్‌పేస్టులో ఉప్పున్నదా యని తలుపు తట్టి అడిగెను. బొగ్గు కలిపిన పేస్టును కూడ అమ్మెను. పెరటిలోని దానిని ముందు సిగ్గుపడునట్లు చేసి వదిలించి, వదలినపిదప దానినే వెల కట్టి తిరిగి యిచ్చుటలో ఈ వ్యాపారపు మర్మమంతయు నున్నది. పోగొట్టుకొనినవాడే గదా కొనువాడు.

ఇక తెరపై చూపెడి ఆ బంగారుకాలము నిజముగ ఎట్లుండెడిదో మన జిల్లాలలో నిలబడి చూడవలెను. ‘రామాయణ్’ 1987 జనవరిలో మొదలై 1988 జూలై చివరివరకు ఆదివారము ఉదయముల ప్రసారమైనది. ఊరంతయు ఒక్క టీవీ ముందు చేరుట, పెట్టెకు దండ వేయుట, కొబ్బరికాయ కొట్టుట – నేటి ప్రకటనలు ముచ్చటగ తలచుకొనెడివి ఆ ఆదివారములే. సరిగా ఆ 1987–88లోనే గుంటూరు, ప్రకాశము జిల్లాల ప్రత్తిచేలను తెల్లదోమ ముట్టడించినది. ఎకరములకు ఎకరములు ఆకు నల్లబడి, మందు మీద మందు కొట్టినను దోమ చావక, మందుల కొట్టులో అప్పు పెరిగి, పంట యింటికి రాక, అనేకులైన రైతులు చేనికి తెచ్చిన పురుగుమందునే త్రాగి ప్రాణములు విడిచిరి. ఒకే ఊరిలో, ఒకే వారములో, ఒక వసారాలో హారతి, ఒక వసారాలో ఏడుపు. ఆ యేటిని తలచుకొనునప్పుడు మన యిండ్లలోని పెద్దలకు రెండును కలిసియే గుర్తువచ్చును. ప్రకటన మాత్రము మొదటిదానినే ఏరుకొనును. అబద్ధము చెప్పినదని దానిని నిందింపలేము. చెప్పినంతవరకు నిజమే. కాని ఆ విడిచిన సగము మా మెట్టరైతు జీవితము.

ఆవకాయ కారము సంగతియు నట్టిదే. తెరపై అది గిన్నెనుండి మెల్లగ, ఎఱ్ఱగ జాఱును. కల్లములో అది వేరు విధముగ నుండును. మిరపపండ్లు ఎండిన పిమ్మట కూలికి వచ్చిన స్త్రీలు ప్రొద్దుటినుండి నేలపై చతికిలబడి, తెల్లబడిన తాలు కాయలను వేరు చేయుదురు. అడిగినవారికి తొడిమలు తీసి యిత్తురు. ముక్కునకు, నోటికి గుడ్డ కట్టుకొనినను ఘాటు ఆగదు. తుమ్ములు, దగ్గు ఆగవు. సాయంకాలమునకు గోళ్ల సందుల మంట పుట్టి, నూనె రాచినను చల్లారక, ఆ చేతితో కన్నును తుడుచుకొనుటకు గాని, పసిబిడ్డను ముట్టుకొనుటకు గాని జంకవలసియుండును. ఆ కాయలు నింపిన బస్తాలే గుంటూరు మిర్చియార్డునకు పోయి, అచ్చటినుండి దేశమంతట పచ్చళ్లలోనికి చేరును. నాయనమ్మ సంగతియు ఆలోచింపుడు: ఇంటిల్లిపాదికి యేడాదికి సరిపడు జాడీలు నింపుటకై కాయ తుడిచి, ముక్క కొట్టి, ఆవాలెండబెట్టి, రోకలి పట్టి కారము దంపినవారు ఆ యింటి ఆడువారే, తొలిముద్ద తినిన మనుమని జ్ఞాపకములో రుచి నిలిచినది, దంపినవారి జ్ఞాపకములో భుజముల నొప్పి నిలిచినది. ప్రకటన మనుమని జ్ఞాపకమునే మనకు పంచుచున్నది.

ఇట్టి బొమ్మలు మన స్మృతులను మార్చగలవని కూడ తెలిసియున్నది. 2002లో క్యాథరిన్ బ్రౌన్, ఎలిజబెత్ లాఫ్టస్ మొదలగువారు కొందరికి డిస్నీ వినోదోద్యానమున బగ్స్ బన్నీ అను కుందేలు బొమ్మతో చేయి కలుపుటను వర్ణించు ప్రకటనను చూపగా, వారిలో కొందరు తాము చిన్ననాడు అక్కడ దానితో చేయి కలిపితిమని చెప్పిరి. ఆ కుందేలు వార్నర్ బ్రదర్స్ వారిది. డిస్నీ ఉద్యానములో దానికి చోటే లేదు. హైదరాబాదులోనో, డల్లాసులోనో పుట్టి పెరిగిన మన పిల్లలు, ఒక్క వేసవియైనను పల్లెలో గడపకయే, తమకు ఒక పెంకుటిల్లు, ఒక మామిడిచెట్టు ఉండెడివని నమ్మెడి దినము వచ్చినను వింత లేదు. వారి తప్పు గాదు. మనము చెప్పనిదానిని ప్రకటన చెప్పినది.

వ్యాపారులు గతమును చూపుట మానవలెనని నేననను. దూరమున నున్న బిడ్డకు ఇంటి రుచి గుర్తు చేయుట మంచిపనియే. అట్టి ప్రకటనలలో గొప్ప కళ కూడ నున్నది. మన పల్లెలను చిత్రించువారికి మాత్రము నా విన్నపమొకటి: కొత్తపట్నమునకైనను, గుంటూరు చుట్టుపట్ల ఏ ఊరికైనను, మాఘ ఫాల్గుణములలో మిరప కల్లములు నిండియున్నప్పుడు ఒకసారి రండు, తెరపైని నాయనమ్మ ప్రక్కన, ఆ కాయలేరిన కూలి స్త్రీని కూడ అర నిమిషములో ఐదు సెకనులైనను చూపుడు.