డిగ్రీ ఉంది, మరి పని వచ్చా?



పదో తరగతి పేరెంట్స్ మీటింగ్‌లో మమ్మల్ని ఎక్కువమంది అడిగేది ర్యాంకులు, సీట్ల గురించే. ఈసారి ఒక నాన్నగారు వేరే ప్రశ్న వేశారు. "మా వైపు ఇన్ని కంపెనీలొచ్చాయి కదా మేడమ్, బీటెక్ చదివిన మా అన్న కొడుకు ఇంకా ఇంట్లోనే ఎందుకున్నాడు?"

దీన్నే స్కిల్ గ్యాప్ అంటారు. ఒకవైపు ఉద్యోగాలుంటాయి, మరోవైపు చదువుకున్న పిల్లలుంటారు. ఆ పనికి కావలసిన నైపుణ్యం మాత్రం వారికి ఉండదు.

పెనుకొండ దగ్గరి కియా ఫ్యాక్టరీనే చూడండి. అక్కడ 2019లో కార్ల తయారీ మొదలైంది. ఏడాదికి 3 లక్షల కార్లు తయారు చేసే సామర్థ్యం దానిది. ఇలాంటి ఫ్యాక్టరీల్లో వెల్డింగ్ చాలావరకు రోబోలే చేస్తాయి. కానీ ఒక్క రోబో ఆగినా పని నిలిచిపోవచ్చు. లోపం ఎక్కడుందో పట్టుకుని సరిచేసే మనిషి అప్పుడు కావాలి. సెన్సర్ గురించి పరీక్షలో రాయడం వేరు, పాడైన సెన్సర్‌ను కనిపెట్టి మార్చడం వేరు.

పదో తరగతి తర్వాత ఈ పని నేర్పే దారులు ఉన్నాయి.

ఐటీఐ: వెల్డర్ కోర్సు ఏడాది. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ కోర్సులు రెండేళ్లు.

పాలిటెక్నిక్: పాలిసెట్ రాసి ఇంజినీరింగ్ డిప్లొమాలో చేరవచ్చు. సాధారణంగా మూడేళ్లు. ఆ తర్వాత ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరే వీలుంది.

అప్రెంటిస్‌షిప్: 1961 నాటి చట్టం కింద, స్టైపెండ్ తీసుకుంటూ కంపెనీలోనే పని నేర్చుకోవచ్చు.

ఇంటర్, బీటెక్ వద్దని నా ఉద్దేశం కాదు. అయితే ఏ కాలేజీకి వెళ్లినా ఫీజు కట్టేముందు రెండు ప్రశ్నలు అడగండి. ల్యాబ్‌లో మా అబ్బాయి, మా అమ్మాయి స్వయంగా మెషీన్ మీద పని చేస్తారా? ఇంటర్న్‌షిప్ ఎక్కడ, ఎన్ని వారాలు?

మా వైపు లోటు కూడా చెప్పాలి. నేను ఇంగ్లిష్ టీచర్‌ని. నా క్లాసులో పిల్లలు సెల్ఫ్ ఇంట్రడక్షన్ గడగడా చెప్పేస్తారు. మిక్సీ ఎందుకు ఆగిపోయి ఉంటుందో నాలుగు వాక్యాల్లో రాయమంటే పెన్ను కదలదు. ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ అడిగేది ఆ నాలుగు వాక్యాలే. అందుకే ఇప్పుడు వారానికొకసారి అలాంటివే రాయిస్తున్నాను.

మీరూ ఒక సాయం చేయండి. ఇంటికి ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడు "నువ్వెళ్లి చదువుకో" అనకండి. కాస్త దూరంగా నిలబడి చూడనివ్వండి, ప్రశ్నలు అడగనివ్వండి. అదీ చదువే.