భట్టిప్రోలు దిబ్బలో స్త్రీల కానుక

కొల్లూరు వైపునకు బోయినపుడు చేరువనున్న భట్టిప్రోలు బౌద్ధస్తూపమును జూడక మరలకుడు. ఇప్పుడచ్చట మిగిలినది ఇటుకల కట్టడమే. అయినను గడియసేపు నెమ్మదిగా గూర్చుండదగిన చోటు.

పూర్వము జనులు దీని చరిత్ర మెరుగక, వెలయాలి దిబ్బ యను అర్థము వచ్చు పేరుతో బిలుచుచుండిరి. ఇటుకలను బాటలకు దరలించిరి. 1892లో అలెగ్జాండర్ రీ దొర త్రవ్వింపగా, గర్భమున ధాతువులుంచిన రాతి బరిణెలు మూడు బయల్పడినవి. వానితోబాటు ఆరు పలకల స్ఫటికపు తునక యొకటి దొరికినది. నందపురపు స్త్రీలును, చిన్న భిక్షువులును ఒసగిన దానమని దానిపై ప్రాకృతమున జెక్కియున్నది. ఆ వ్రాతకు రెండువేల యేండ్లు దాటినవి. ఆ స్త్రీల పేళ్లు మాత్రము లేవు.

బరిణెలను చెన్నపట్టణమునకు గొనిపోయి ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియమున భద్రపరచిరి. అచ్చట అమరావతి శిల్పములను జూడబోవువారు వీనిని గూడ అడిగి చూడవలెను.

ఆడుదానిపై నింద మోపిన పేరు దిబ్బకు పైన నిలిచినది; ఆడువారి దానము లోపల దాగినది. మన బిడ్డలను దోడ్కొనిపోయినపుడు ఆ లోపలి మాటనే ముందు చెప్పుదము.