ప్రశ్నను తుడిచేస్తే పని ఆగుతుంది
ఏఎస్‌/400 రాత్రి కొలువుల్లో మెసేజ్‌ క్యూ చిక్కులు

విడపనకల్లు: వానాధారపు వేరుశనగ చేతికందని ఏడాది ఈ మండలంలో డిగ్రీ పూర్తిచేసిన పిల్లలకు మిగిలే దారులు ఎక్కువేమీ ఉండవు. పడమరన బళ్లారి, తూర్పున గుంతకల్లు. గుంతకల్లులో రైలెక్కితే ఒకవైపు బెంగళూరు, మరోవైపు హైదరాబాద్‌. దేశంలో అతి తక్కువ వాన కురిసే జిల్లాల్లో ఒకటిగా పేరుపడిన అనంతపురం నుంచి కంప్యూటరు కోర్సుల కోసం అమీర్‌పేట మెట్లెక్కేవారు ఏళ్ల తరబడి ఉంటూనే ఉన్నారు. అక్కడి శిక్షణ సంస్థల బోర్డులపై 1990ల చివరి నుంచి కనిపిస్తూ వచ్చిన పేర్లలో ఏఎస్‌/400 ఒకటి. జావా, శాప్‌లంత మోత లేని పేరు. అయినా దాని వెనుక ఒక కొలువుంది. సంస్థ నిద్రపోయాక యంత్రం పంపే సందేశాలను రాత్రంతా చూస్తూ, అది అడిగే ప్రశ్నలకు జవాబివ్వడమే ఆ పని. చేరిన కొత్తలో అందరినీ తికమకపెట్టేవి 'మెసేజ్‌ క్యూ' పొరపాట్లు. వాటిలో యంత్రం చెడిపోయినవి తక్కువ, చదవకుండా మీట నొక్కినందువల్ల వచ్చేవి ఎక్కువ.

ఏమిటీ యంత్రం?

గది నిండే మెయిన్‌ఫ్రేమ్‌ కాదు, బల్లమీది పీసీ కాదు. ఈ రెంటికీ నడిమి తరగతి వ్యాపార కంప్యూటరు ఇది. ఐబీఎం సంస్థ 1988 జూన్‌ 21న దీన్ని ప్రకటించింది. 2000లో ఐసిరీస్‌ అని, ఆ తరువాత సిస్టమ్‌ ఐ అని పేరు మార్చింది. 2008 నుంచి దీని నిర్వహణ వ్యవస్థను 'ఐబీఎం ఐ' అంటున్నారు. 2025లో 7.6 వెర్షన్‌ కూడా వచ్చింది. పాతికేళ్ల కిందట రాసిన జీతాల ప్రోగ్రాము ఇప్పటికీ దీనిపై నడవగలదు. బ్యాంకులు, బీమా సంస్థలు, కర్మాగారాలు, గోదాములు దీన్ని వదలకపోవడానికి అదే కారణం. నల్లని తెర, పచ్చని అక్షరాలు చూసి కాలం చెల్లిన సరుకు అనుకునేవారు పొరబడుతున్నారు.

తపాలా పెట్టె వంటిదే

ఊళ్లోని బ్రాంచి పోస్టాఫీసుతో పోల్చితే క్యూ సంగతి తేలిగ్గా బోధపడుతుంది. ఈ యంత్రంలో ప్రతి వినియోగదారుకు ఒక ఉత్తరాల పెట్టె ఉంటుంది. ఆయన కూర్చునే ప్రతి తెరకు, అంటే వర్క్‌స్టేషనుకు, మరో పెట్టె ఉంటుంది. తెర పేరే దాని పెట్టె పేరు. వీటికి తోడు మొత్తం వ్యవస్థకు ఆపరేటరు పెట్టె ఒకటి ఉంటుంది. దాని పేరు క్యూసిస్‌ఆపర్‌. రాత్రి విధుల్లో ఉన్నవారు కళ్లు నిలపవలసింది ప్రధానంగా దీనిపైనే.

ఉత్తరం వచ్చినప్పుడు ఏం జరగాలో ముందుగా నిర్ణయించవచ్చు. 'బ్రేక్‌' పెడితే చేస్తున్న పనిని ఆపి సందేశం తెరపైకి వస్తుంది. 'నోటిఫై' పెడితే చిన్న మోతతోపాటు తెర అడుగున గుర్తు కనబడుతుంది. 'హోల్డ్‌'లో పెట్టె తెరిచి చూసుకునేదాకా చప్పుడుండదు. నాలుగోది 'డిఫాల్ట్‌'. ఇందులో మనిషిని అడగకుండానే ప్రతి ప్రశ్నకు ముందే రాసిపెట్టిన జవాబు వెళ్లిపోతుంది. వినడానికి సౌకర్యంగా ఉన్నా రాత్రిపూట ఎక్కువ చేటు చేసేది ఈ నాలుగోదే.

ఆదేశాల పేర్లు చూసి బెదరనక్కర లేదు. ఇంగ్లిషు మాటలోని అచ్చులు తీసేసి మిగిలిన అక్షరాలను కుదిస్తే ఆదేశం తయారవుతుంది. డిస్‌ప్లేకు డీఎస్‌పీ, మెసేజ్‌కు ఎంఎస్‌జీ. రెండూ కలిపితే పెట్టె తెరిచే ఆదేశం.

పెట్టె తాళం వేరొకరి చేతిలో

కొత్తవారికి తరచుగా ఎదురయ్యే సందేశం సీపీఎఫ్‌ 2451. మీ మెసేజ్‌ క్యూ మరో జాబ్‌ ఆధీనంలో ఉంది అని దాని అర్థం. బ్రేక్‌లో గానీ నోటిఫైలో గానీ ఉన్న క్యూను ఒక సమయంలో ఒకే జాబ్‌ పట్టుకోగలదు. ఒకే పేరుతో రెండు కిటికీలు తెరిస్తే రెండోదానిలో ఈ మాట కనిపిస్తుంది. రెండూ తెరిచినవారు ఒక్కరే అయితే ఎంటర్‌ నొక్కి పనిచేసుకోవచ్చు. ఉత్తరాలు పెట్టెలోకి వస్తూనే ఉంటాయి, హెచ్చరిక మాత్రం మొదటి కిటికీకి వెళుతుంది.

తాను ఒక్క కిటికీయే తెరిచానని నమ్మకం ఉన్నా ఈ సందేశం వస్తే అప్పుడు విచారించాలి. లైను తెగి తెర పోయినా లోపల పాత జాబ్‌ కొంతసేపు బతికే ఉండవచ్చు. లేదా ఆ పేరు, సంకేతపదం మరొకరికి తెలిసి ఉండవచ్చు. 'వర్క్‌ విత్‌ ఆబ్జెక్ట్‌ లాక్స్‌' ఆదేశం ఇస్తే క్యూను ఏ జాబ్‌ పట్టుకుందో పేరుతో సహా కనిపిస్తుంది. దానిలో పని మిగిలి లేదని రూఢి చేసుకున్నాకే ముగించాలి. ఆపరేటరు పెట్టెను ఇద్దరు పట్టుకోవాలని చూసినప్పుడూ ఇదే చిక్కు. పగటి ఉద్యోగి క్యూను బ్రేక్‌లో ఉంచి, తెర మూయకుండా ఇంటికి పోతే రాత్రి ఉద్యోగికి హెచ్చరికలు అందవు. బాధ్యత అప్పగించేటప్పుడు చూసుకోవలసిన మొదటి సంగతి ఇది.

నిండిన పెట్టె

సీపీఎఫ్‌ 2460 వచ్చిందంటే క్యూను ఇక పెంచడానికి వీలు లేదని అర్థం. పని పూర్తయింది, ముద్రణ అయింది అనే సమాచార సందేశాలు నెలల తరబడి పేరుకుపోతే ఇలా జరుగుతుంది. ఖాళీ చేస్తే సరిపోతుంది. అయితే ఎలా ఖాళీ చేస్తున్నామన్నదే ఇక్కడ కీలకం.

జవాబు ఇవ్వని ప్రశ్నను పెట్టెలోంచి తీసేస్తే యంత్రం దాన్ని మరచిపోదు. ముందే రాసి ఉన్న జవాబును ఆ ప్రశ్నకు పంపించేస్తుంది. ఆ జవాబు చాలాసార్లు 'రద్దు' అయి ఉంటుంది. సందేశాల తెర కింద ఎఫ్‌ 13 మీట అన్నింటినీ తుడిచేస్తుంది. ఎఫ్‌ 16 మీట జవాబు ఇవ్వని ప్రశ్నలను ఉంచి తక్కినవాటిని తుడుస్తుంది. చెత్త ఊడ్చినట్టు ఎఫ్‌ 13 నొక్కిన చేయి ఎక్కడో ఎదురుచూస్తున్న జాబ్‌ను తెలియకుండానే ఆపేయవచ్చు. క్యూ నిండగానే పాతవి తమంత తామే పోయేలా 'ర్యాప్‌' అని పెట్టే వీలు కూడా ఉంది. సమాచార సందేశాలు, జవాబిచ్చిన ప్రశ్నలు ముందు పోతాయి. చోటు ఇంకా చాలకపోతే జవాబు లేని ప్రశ్నల వంతు వస్తుంది. కాబట్టి ర్యాప్‌ పెట్టామన్న ధీమాతో పెట్టెను చూడకుండా ఉండటం తగదు.

చిరునామా తప్పితే

పక్క గదిలోని తెరకు సందేశం పంపితే అది మరొకరికి చేరడం ఇంకో చిక్కు. నెట్‌వర్క్‌ ద్వారా వచ్చే తెరలకు యంత్రమే క్యూప్యాడెవ్‌ 0001, 0002 అంటూ పేర్లిస్తుంది. ఈ రోజు ఒకరికి దక్కిన పేరు రేపు వేరొకరికి దక్కవచ్చు. అందుకే మనిషికి చెప్పదలచినది తెర పెట్టెకు కాక వినియోగదారు పెట్టెకు పంపడం మేలు. క్యూ కనబడలేదని సీపీఎఫ్‌ 2403 వస్తే పేరు, లైబ్రరీ సరిగా ఇచ్చారో లేదో ముందు చూడాలి. వర్క్‌స్టేషన్‌ క్యూలు క్యూసిస్‌ లైబ్రరీలోనూ, వినియోగదారులవి సాధారణంగా క్యూయూఎస్‌ఆర్‌సిస్‌లోనూ ఉంటాయి.

రాత్రి రెండు గంటల ప్రశ్న

నెలాఖరు రాత్రి జీతాల జాబ్‌ నడుస్తోందనుకుందాం. రెండు గంటలకు అది కదలకుండా నిలిచిపోయింది. పనుల జాబితాలో దాని ఎదుట ఎంఎస్‌జీడబ్ల్యూ అని కనిపిస్తోంది. జవాబు కోసం ఎదురుచూస్తోందని అర్థం. ఆపరేటరు పెట్టెలో సీపీఏ 5305 ఉంది. ఫైలు నిండిపోయింది, రికార్డు చేర్చలేకపోయాను, ఏం చేయమంటారని యంత్రం అడుగుతోంది. ఈ యంత్రంలో ప్రత్యేకంగా చెప్పకపోతే ఫైలుకు మొదట 10,000 రికార్డుల చోటు ఉంటుంది. ఆపై వెయ్యేసి చొప్పున మూడుసార్లు పెరుగుతుంది. 13,000 దాటగానే ఈ ప్రశ్న పుడుతుంది.

'సి' అంటే రద్దు. జాబ్‌ సగంలో ఆగుతుంది. సగం లెక్క అప్పటికే నమోదై ఉంటే, ఉదయం మొదటి నుంచి మళ్లీ నడిపినప్పుడు కొందరి ఖాతాల్లో రెండుసార్లు జమ పడే ప్రమాదముంది. 'ఐ' అంటే ఫైలును పెంచి కొనసాగించడం. ఎక్కువ సందర్భాల్లో కావలసింది ఇదే. అలాగని కళ్లు మూసుకుని 'ఐ' కొట్టడమూ సరికాదు. రెండు వేలమంది ఉద్యోగులున్న సంస్థలో మనిషికొక రికార్డు రాసే ఫైలు 13,000కు చేరిందంటే ప్రోగ్రాము ఒకే చోట తిరుగుతూ అవే రికార్డులు రాస్తోందేమో చూడాలి. సందేశం మీద కర్సర్‌ ఉంచి ఎఫ్‌ 1 నొక్కితే కారణం, ఒక్కో జవాబు ఫలితం వివరంగా కనబడతాయి. అది చదవడానికి రెండు నిమిషాలు పడుతుంది. అనుమానముంటే జాబ్‌ను అలాగే ఉండనిచ్చి బాధ్యులకు ఫోన్‌ చేయాలి. ఎదురుచూస్తున్న జాబ్‌ వల్ల ఆలస్యమే తప్ప లెక్క చెడదు.

ఎప్పుడూ ఒకే జవాబు ఇవ్వవలసిన ప్రశ్నలను రిప్లయ్‌ లిస్టులో చేర్చి జవాబు యంత్రానికే అప్పగించవచ్చు. ప్రింటరుకు కాగితం మార్చమని అడిగే ప్రశ్నల వంటివాటికి ఇది బాగా పనికొస్తుంది. డబ్బు లెక్కలకు మాత్రం దీన్ని వాడకపోవడం క్షేమం.

ఇంటి నుంచే సాధన

శిక్షణకు వెళ్లేముందు ఈ తెరను చూడాలనుకునేవారికి జర్మనీ నుంచి నడిచే పబ్‌400 అనే సర్వరు ఉచితంగా ఖాతా ఇస్తోంది. పీసీలో 5250 టెర్మినల్‌ ప్రోగ్రాము పెట్టుకుంటే విడపనకల్లు నుంచే ప్రవేశించవచ్చు. తన పేరుకు తానే సందేశం పంపుకోవడం, క్యూను హోల్డ్‌లో, బ్రేక్‌లో మార్చి తేడా గమనించడం, ఎఫ్‌ 13కు, ఎఫ్‌ 16కు భేదం చూడటం సొంత పెట్టెలోనే చేసుకోవచ్చు. అక్కడ తుడిచేసినా ఎవరి జీతమూ ఆగదు.